పసుపు కల్లంలో సుంకం లెక్క

ఫిబ్రవరిలో ఆర్మూర్ వెళ్లేవాళ్లు దారి అడగనక్కర్లేదు. ముక్కే చెబుతుంది. ఊరు రాకముందే బస్సు కిటికీలోంచి ఉడికిన పసుపు వాసన లోపలికొచ్చేస్తుంది. హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి, నిజామాబాద్ నుంచి జగిత్యాల వైపు సాగే 63వ నంబరు రహదారి కలిసేది ఇక్కడే. ఊరిని ఆనుకుని పేర్చిపెట్టినట్టున్న నల్లటి బండల గుట్ట, దానిమీద నవనాథ సిద్ధేశ్వరుడి గుడి. ఆరూ మూడూ కలిస్తే తొమ్మిది, అదే ఆర్మూర్, నవనాథపురమన్నా ఇదేనని ఊరివాళ్లు లెక్క చెబుతారు.

ఈ ఊళ్లో లెక్కలకేం తక్కువ లేదు. పసుపు రైతును కదిపితే మొదలయ్యేవి లెక్కలే.

జూన్‌లో విత్తనం పెడితే చేతికొచ్చేసరికి తొమ్మిది నెలలు. మధ్యలో మొక్కజొన్న అంతరపంట. సంక్రాంతి దాటాక తవ్వకం మొదలవుతుంది. మహిళా కూలీలు వరసగా కూర్చుని కొమ్ము వేరు, మండ వేరు చేస్తారు. ఒకప్పుడు పెద్ద కడాయిల కింద మంట పెట్టి ఉడికించేవారు, ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి. ఉడికించింది కల్లంలో పరిచి రెండు వారాలకు పైగా ఎండబెట్టాలి. తర్వాత డ్రమ్ములో వేసి తిప్పితే పొట్టు రాలి మెరుపొస్తుంది. అయిదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఎండితే మిగిలేది దాదాపు ఒక్క క్వింటాలు. ఆ పచ్చటి కల్లం ఫొటోకి ఎంత అందంగా ఉంటుందో, మబ్బు పట్టిన రోజున రైతుకి అంత గుండెదడ.

అమ్మకం మాత్రం ఎక్కువగా 27 కిలోమీటర్ల దూరంలోని నిజామాబాద్ యార్డులోనే. 2016 ఏప్రిల్‌లో దేశవ్యాప్తంగా ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడత 21 మార్కెట్లలో అదీ ఒకటి. అక్కడ ధర నచ్చకపోతే లారీకెత్తి మహారాష్ట్రలోని సాంగ్లికి తోలుకెళ్లడం ఇక్కడివాళ్లకు పాత అలవాటు. పసుపుకి కేంద్రం మద్దతు ధర లేదు మరి. 2019లో క్వింటాలు అయిదారు వేల దగ్గర కొట్టుకులాడింది. 15 వేలు ఇవ్వాలంటూ ఆ ఫిబ్రవరిలో రైతులు మామిడిపల్లి చౌరస్తాలో రోడ్డెక్కారు. ఆ కోపమే లోక్‌సభ ఎన్నికలకు పాకింది. నిజామాబాద్ బరిలో 185 మంది అభ్యర్థులుంటే వాళ్లలో 178 మంది రైతులు! ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సి వచ్చింది. అదే సరుకు 2024లో 15 వేలు దాటింది. కానీ ధర రాక విసిగిపోయి అప్పటికే పసుపు తగ్గించుకున్నవాళ్లకు ఆ పెరుగుదల వల్ల ఒరిగిందేముంది?

ధర పడిపోయిన ఏడాది వినిపించే మాట ఒకటుంది: బయటి దేశాల పసుపు దిగింది. వియత్నాం, మయన్మార్, ఇథియోపియా... ఆ దేశాల పేర్లు ఇక్కడి రచ్చబండ మీద పక్క ఊళ్ల పేర్లలా దొర్లుతుంటాయి. దిగుమతి పసుపుపై మన సుంకం 30 శాతం. గోడ ఎత్తుగానే ఉంది, కాకపోతే దానికి తలుపులున్నాయి. దేశాల మధ్య వాణిజ్య ఒప్పందాల్లో ఇచ్చే రాయితీలు ఒక తలుపు. ముడిసరుకు తెచ్చి, సారం తీసి తిరిగి ఎగుమతి చేస్తామన్నవారికి సుంకం లేకుండా ఇచ్చే అడ్వాన్స్ ఆథరైజేషన్ ఇంకో తలుపు. ఈ పని చేసే కంపెనీలు చూసేది కొమ్ము రంగూ మెరుపూ కాదు, అందులోని కుర్కుమిన్ శాతం. మేఘాలయ లకడాంగ్ పసుపులో అది ఏడు శాతం దాకా ఉంటుంది. మామూలు రకాలు ఆ దరిదాపుల్లోకి రావు.

అలాగని ధర పడిపోవడానికి దిగుమతులే మొత్తం కారణం అనుకోలేం. 2022-23లో మన దేశం పండించింది 11.61 లక్షల టన్నులు, ప్రపంచ ఉత్పత్తిలో నాలుగింట మూడొంతుల పైమాటే. వచ్చే దిగుమతి అందులో చిన్న పాయ. కానీ ఆ పాయ సరిగ్గా తవ్వకాల వేళకే వస్తే యార్డులో వ్యాపారికి బేరమాడ్డానికి ఓ సాకు దొరుకుతుంది. రైతు బాధ అక్కడుంది.

సుంకంతో ముడిపడిన బతుకులు ఈ దారిలో ఇంకా ఉన్నాయి. ఇదే రహదారి మీద గోదావరి దాటి ముందుకెళ్తే నిర్మల్. పొనికి చెక్కతో బొమ్మలు చేసే ఊరు. విదేశీ బొమ్మల మీద కేంద్రం 2020లో సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. గోడ ఎత్తు పెంచాలన్న పసుపు రైతుల కోరికకు ఇదొక ఉదాహరణ. మరీ ఎత్తు పెంచితే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. సొంత రైతు కోసమని 2020లో పసుపు దిగుమతినే ఆపేస్తే అక్కడ కిలో ధర వేల రూపాయలకు ఎగబాకింది. మన రామనాథపురం తీరం నుంచి పడవల్లో పసుపు దొంగరవాణా మొదలైంది. బంగారం కాదండీ, పసుపు!

ఎగుమతి వైపు గోడ మరొకరి చేతిలో ఉంటుంది. 2025 ఆగస్టు 27న భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. నవంబర్ వచ్చేసరికి పసుపు సహా కొన్ని మసాలా దినుసులకు అదనపు సుంకాల నుంచి మినహాయింపిచ్చారు. ఆ మూడు నెలల్లో ఆర్మూర్ పసుపు ఇంకా నేలలోనే ఊరుతోంది.

ఏళ్ల తరబడి అడిగిన జాతీయ పసుపు బోర్డును 2023 అక్టోబర్‌లో ప్రకటించారు. అది 2025 సంక్రాంతి నాడు మొదలైంది, జూన్ 29న నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు. నన్నడిగితే బోర్డు ముందు చూడాల్సింది సుంకం కంటే విత్తనం, ఉడకబెట్టే పద్ధతి. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానం ఉండనే ఉంది. కుర్కుమిన్ ఎక్కువున్న కొమ్ము ఇక్కడే దొరికితే ఏ కంపెనీ అయినా ఓడరేవు దాకా ఎందుకెళ్తుంది?

తిరుగు ప్రయాణంలో అంకాపూర్‌లో ఆగకుండా రాలేం. ఆ ఊరి నాటుకోడి కూర సంగతి తెలిసిందే. చెప్పి కాసేపు ఆగితే అప్పటికప్పుడు వండి ఇస్తారు. తిని చెయ్యి కడుక్కున్నా వేళ్లకంటిన పసుపు వదల్లేదు. బయట రోడ్డు మీద సంచులెత్తిన ట్రాక్టర్లు ఒకదాని వెనకొకటి నిజామాబాద్ వైపు వెళ్తున్నాయి, పొద్దున వేలానికి.