పుట్టింటి సంచిలో సబ్బుబిళ్ళంత ఛార్జరు

పుట్టింటికి బయలుదేరామంటే సంచులు సర్దడం మనకు కొత్తా చెప్పండి! పచ్చడి సీసా, అమ్మ మందులు, నాలుగు చీరలు. ఇప్పుడు వాటికి తోడు పిల్లల లాప్‌టాపూ, దాని ఛార్జరూ చేరాయి.

మేముండేది కామారెడ్డి. నా పుట్టిల్లు ఎల్లారెడ్డి. 2016లో కామారెడ్డి జిల్లా కేంద్రమైంది, రైలూ ఉంది. ఎల్లారెడ్డికి మాత్రం బస్సే దిక్కు. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక సీటు దొరికితే అదృష్టమే. పాత మెట్లబావి ఉన్న లింగంపేట దాకా చాలాసార్లు నిలబడే వెళ్తాను.

మొన్న వానాకాలంలో అమ్మ జారిపడి మంచం పట్టింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి, "పది రోజులు అమ్మమ్మ దగ్గరే ఉండి పని చేసుకుంటా" అంటూ వచ్చింది. దాని ఛార్జరు ఇటుకంత, వైరు బారెడు. బస్సులో సంచి ఎవరి కాళ్ళ కింద నలిగిందో, మర్నాటికే వైరు మొదట్లో తెగింది. "అమ్మా, ఛార్జింగ్ ఎక్కుతలేదు, వాపస్ పోవాలె" అనేసరికి అమ్మ మొహం చిన్నబోయింది.

లాప్‌టాప్ పట్టుకుని ఇద్దరం కామారెడ్డి బస్సెక్కాం. దుకాణంలో సబ్బుబిళ్ళంత ఛార్జరు చూపిస్తే నేను నమ్మలేదు. సిలికాన్‌కు బదులు గాలియం నైట్రైడ్ వాడతారట. అది కరెంటును చాలా వేగంగా ఆపి వదులుతుంది, వేడి తక్కువ. అందుకే లోపలి ట్రాన్స్‌ఫార్మరు చిన్నదైనా సరిపోతుంది.

మీరూ కొనేముందు ఇవి చూడండి. పాత ఛార్జరు మీద రాసిన వోల్టులను ఆంపియర్లతో గుణించండి. మాది 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు, అంటే 65 వాట్లు. కొత్తది అంతకు తగ్గకూడదు. లాప్‌టాప్‌కు టైప్-సి రంధ్రం ఉండాలి, దానిలోంచి ఛార్జింగ్ ఎక్కాలి. గుండ్రటి పిన్ను పాతవాటికి ఇది నేరుగా పనిచేయదు. అందుకే లాప్‌టాప్ వెంట తీసుకెళ్ళండి. వైరు కూడా ఆ వాట్లు మోసేదే కావాలి. అదే ఛార్జరుతో ఫోనుకూ పెట్టుకోవచ్చు, కాకపోతే రెండూ ఒకేసారి పెడితే వాట్లు పంచుకుంటాయి.

ఇంకో సంగతి. అమ్మ ఇంట్లో మూడు పిన్నుల సాకెట్టు వంటింట్లోనే ఉంది. ఈ కొత్తదానికి రెండు పిన్నులే కావడంతో మంచం పక్కన సాకెట్టులోనే పట్టింది. "గీ చిన్నదాంతోని గంత పెద్ద మిషిని నడుస్తదా బిడ్డా?" అని అమ్మ ఒకటే ఆశ్చర్యం! మనవరాలు పక్కనే కూర్చుని పని చేసుకుంటూ, వేళకు మందులిస్తూ, పది రోజులూ ఉంది.

వైరును బిగించి చుట్టకండి, మొదట్లోనే తెగుతుంది. వదులుగా చుట్టి చిన్న సంచిలో పెట్టండి. నేను మిగిలిన జాకెట్టు గుడ్డతో ఒకటి కుట్టాను. ఇప్పుడది పచ్చడి సీసాకు దూరంగా, నా చేతిసంచిలోనే ప్రయాణిస్తోంది!