దక్షిణం వైపు తిరిగిన వ్యాను

మా ఇంట్లో అందరికంటే ఆలస్యంగా లేచేది మా చిన్నాడు అనుకునేదాన్ని. పోయిన మార్గశిరంలో ఆ పేరు మా వ్యాను కొట్టేసింది.

మాది మదనపల్లె. మా ఆయన స్కూలు పిల్లల్ని తిప్పే వ్యాను 2007 మోడల్, డీజిల్ బండి. మేం 2016లో కొన్నాం. అప్పటికే ఒకరి చేతిలో తొమ్మిదేళ్లు నలిగి వచ్చింది. పద్నాలుగు మంది పిల్లలు, వాళ్ల నెల డబ్బులతోనే మా ఇల్లు నడుస్తుంది. ఏడున్నరకు బండి కదలకపోతే ఏడూ నలభైకల్లా తల్లుల ఫోన్లు మొదలు. ఆ ఫోన్లు ఎత్తేది నేను. ఆయన బండి దగ్గర ఉంటారు కదా.

మదనపల్లె చలి మీలో కొందరికి తెలిసే ఉంటుంది, పక్కనే హార్సిలీ కొండ. పొద్దున్నే నేను ముగ్గు వేస్తుంటే ఆయన తాళం తిప్పేవారు. సెల్ఫ్ చక్కగా తిరిగేది, ఇంజను మాత్రం అందుకునేది కాదు. నాలుగైదుసార్లు కొట్టాక సెల్ఫ్ కూడా నీరసపడిపోయేది. అప్పుడు ఎదురింటి అబ్బాయీ, పాలాయనా, మా పెద్దాడూ కలిసి తోసేవాళ్లు. ఒకసారి లేచిందంటే ఇక రోజంతా ఏ గొడవా లేదు. మధ్యాహ్నం ఎన్నిసార్లు ఆపినా ఒక్క తిప్పుకే లేచేది. అదే మమ్మల్ని ఎక్కువ తికమక పెట్టింది.

మొదటి మెకానిక్ బ్యాటరీ అన్నాడు. ఆరున్నర వేలు. రెండో ఆయన హీటర్ ప్లగ్గులన్నాడు. నాలుగింటిలో ఒకటి నిజంగానే కాలిపోయి ఉంది, నాలుగూ మార్చాడు. వారం రోజులు బండి బుద్ధిగా లేచింది, మళ్లీ మొదటికొచ్చింది. తర్వాత సెల్ఫ్ మోటారు విప్పారు. ఒకాయనైతే పెట్రోలులో ముంచిన గుడ్డ గాలి పీల్చే గొట్టం దగ్గర పెట్టి కొట్టమన్నాడు. అది చూసి నా గుండె ఆగినంత పనైంది. లోపల హీటర్ ప్లగ్గులు ఎర్రగా కాలి ఉంటాయి, అక్కడికి పెట్రోలు ఆవిరి పంపితే ఏమవుతుందో చెప్పడానికి మెకానిక్ కానక్కర్లేదు, గ్యాసు పొయ్యి ముందు ఇరవై ఏళ్లు నిలబడిన వాళ్లెవరైనా చెబుతారు.

ఈ ఖర్చులకే నా రెండు గాజులు బ్యాంకుకు వెళ్లాయి. చివరికి డీజిల్ పంపు విప్పాలి, ఇరవై వేల దాకా అవుతుంది అన్నారు. ఆ రాత్రి మా ఆయన అన్నం తినకుండా పడుకున్నారు. బండి అమ్మేస్తే ఎంతొస్తుందో ఫోనులో ఎవరినో అడగడం విన్నాను.

మా అత్తమ్మకు మాత్రం మొదటినుంచీ కారణం తెలుసు. "దక్షిణం మొహం పెట్టి నిలబెడితే ఏ బండి లేస్తుందిరా?" అనేది. మా వీధి ఏటవాలు. కింద నుంచి ఎక్కివచ్చి ఇంటి ముందు ఆపితే బండి ముక్కు పైకి ఉంటుంది, అటు దక్షిణం. ప్రతి శుక్రవారం కొత్త నిమ్మకాయ, మిరపకాయలు కట్టేది.

నాకేమో పాల లెక్క క్యాలెండరు మీద రాసే అలవాటు. ఆ గళ్లలోనే బండి లేవని రోజు చిన్న ఇంటూ గుర్తు పెట్టడం మొదలుపెట్టాను. ఎందుకో నాకే తెలియదు, బహుశా ఆయనతో పోట్లాడేటప్పుడు లెక్క చెప్పడానికేమో! జనవరిలో కింది ఇంటి వాళ్ల పెళ్లికి వీధికి అడ్డంగా పందిరి వేశారు. నాలుగు రోజులు మా ఆయన పైనుంచి దిగివచ్చి బండి ఆపారు. నాలుగు రోజులూ ఒక్క ఇంటూ లేదు. చలి అలాగే ఉంది. పందిరి తీసేశారు, ఇంటూ తిరిగి వచ్చింది.

ఆయనకు చెప్పాను. "ఓహో, ఇప్పుడు నువ్వు కూడా అమ్మలాగా వాస్తు మొదలుపెట్టావా?" అన్నారు. అత్తమ్మేమో ఉత్తరం తిరిగితే లేచిందని సంబరపడింది. నాకు ఏడుపొచ్చింది. దిక్కు గురించి కాదు నేను చెప్పింది, ఏటవాలు గురించి. కానీ రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి, ఏం చేస్తాం.

అందుకే ఖర్చుల పుస్తకం తీశాను. డీజిల్ పోయించిన తేదీలు అందులో ఉంటాయి. క్యాలెండరు పక్కన పెట్టి చూస్తే, ట్యాంకు నిండుగా ఉన్న రోజుల్లో ఇంటూలు తక్కువ, అడుగంటే కొద్దీ ఎక్కువ. దిక్కుకూ డీజిలుకూ ఏం సంబంధం?

"ఒక్క శనివారం రాత్రి బండిని పక్క వీధిలో పెట్టండి, ముక్కు పైకి ఉండేలా. ఆదివారం స్కూలు లేదు, పోయేదేముంది" అన్నాను. పక్క వీధిలో ఎత్తు తూర్పు వైపు. తూర్పంటే అత్తమ్మకు కూడా పేరు పెట్టడానికి లేదు. ఆదివారం పొద్దున బండి లేవలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో బండి లేవనందుకు నేను సంతోషించింది ఆ ఒక్కరోజే.

మా ఆయన అక్కడే నిలబడి, బస్టాండు వైపు కొత్తగా షెడ్డు పెట్టిన మేస్త్రీకి ఫోను చేశారు. అతను మొదట అడిగింది, "సెల్ఫ్ కొట్టేటప్పుడు వెనక పొగ వస్తోందా అన్నా?" అని. మా ఆయన నావైపు చూశారు. ఆయన ముందు సీట్లో ఉంటారు, వెనక ముగ్గు దగ్గర ఉండేది నేను. మొదట్లో తెల్లపొగ వచ్చేది, హీటర్ ప్లగ్గులు మార్చాక అసలు పొగే లేదు అని చెప్పాను. "అయితే రెండు రోగాలక్కా" అన్నాడు. తెల్లపొగ వస్తే డీజిల్ అందుతోంది గానీ కాలడంలేదని. పొగే లేకపోతే డీజిల్ అందడమే లేదని.

డీజిల్ బండికి పెట్రోలు బండిలాగా నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదట. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది, సైకిలు పంపు కొట్టినప్పుడు చేతికి తగిలే వేడిలాగా, కాకపోతే వందల డిగ్రీలు. ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే తనంతట తనే అంటుకుంటుంది. చలి పొద్దుల్లో ఆ వేడికి సాయం చేసేవే హీటర్ ప్లగ్గులు.

ఫిల్టరు మీదున్న హ్యాండ్ పంపు గట్టిపడేదాకా నొక్కి చూడమన్నాడు. ముందు మెత్తగా దిగింది, ఇరవైసార్లు నొక్కాక బిగుసుకుంది. తాళం తిప్పగానే ఇంజను లేచింది.

సోమవారం షెడ్డుకు నేనూ వెళ్లాను. ఫిల్టరుకు ముందు డీజిల్ గొట్టం మధ్యలో జానెడు తెల్లటి ప్లాస్టిక్ గొట్టం పెట్టాడు, లోపల కనబడేలా. ఇంజను నడుస్తుంటే డీజిలుతో పాటు సన్నసన్న బుడగలు వెళ్తున్నాయి. వెనక్కి పాముకుంటూ వెళ్తే, క్లిప్పు కింద పాత రబ్బరు గొట్టం వెంట్రుకవాసి చీలి ఉంది. కింద ఒక్క చుక్క కారలేదు కాబట్టే ఎవరూ అటు చూడలేదు. అక్కడ డీజిల్ తోసుకురాదు, లాగబడుతుంది. చీలిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగి చూడండి, నీళ్లు బయటికి కారవు, గాలే నోట్లోకి వస్తుంది. రాత్రంతా ఆ చీలిక గుండా గాలి దూరి, ముక్కు పైకి ఉన్న బండిలో డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోయేది. ముక్కు కిందికుంటేనో, ట్యాంకు నిండుగా ఉంటేనో జారేది కాదు.

మీటరు గొట్టం, రెండు క్లిప్పులు, కూలీ కలిపి నాలుగు వందల యాభై రూపాయలు.

"ఏటవాలు సంగతి భలే పట్టావన్నా" అన్నాడు మేస్త్రీ మా ఆయనతో. ఆయన తలూపి ఊరుకున్నారు. నేనూ ఏమీ అనలేదు, దారిపొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇల్లు చేరాక ఆయన చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి, క్యాలెండరు మేకు నుంచి తీసి, ఒక్కో నెలా వెనక్కి తిప్పి చూశారు. "డిసెంబరు పన్నెండున కూడా లేవలేదా?" అన్నారు. ఆ రోజు మీరు మా తమ్ముడిమీద అరిచారు కూడా, అన్నాను.

ఇప్పుడు బండి దక్షిణం వైపే తిరిగి, ముక్కు పైకి పెట్టుకుని నిలబడుతోంది, ఒక్క తిప్పుకే లేస్తోంది. అత్తమ్మ లెక్కలో అది పోయిన శుక్రవారం కట్టిన నిమ్మకాయ. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. వచ్చే నెల స్కూలు డబ్బులు రాగానే ఒకటైనా విడిపిద్దామని ఆయనే అన్నారు. ఆ తేదీ కూడా క్యాలెండరు మీద రాసిపెట్టాను, పాల లెక్క పక్కనే.