సగం చెప్పిన జబ్బు

మా ఊరి నుంచి పెద్దవాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళేది చదువుకున్న మేమే. మా ఇళ్ళలో కువి మాట. డాక్టరుగారిది తెలుగు. మధ్యలో మేము.

మా పిన్నికి ఏళ్ళ తరబడి గుండెల్లో మంట. పుల్లటి తేన్పులు, పడుకుంటే గొంతులోకి పుల్లనీళ్ళు. అది ఒక సగం. రెండో సగం ఏమిటంటే, పొద్దున్నే కడుపులో మెలిపెట్టే నొప్పి, గెడ్డ వైపు మూడు నాలుగుసార్లు పరుగు. వెళ్ళొస్తే నొప్పి తగ్గుతుంది. కొన్నాళ్ళు ఇలా, కొన్నాళ్ళు అసలు రాదు. ఇది పిన్ని మా చెవిలో చెప్పింది. మేము డాక్టరుగారికి చెప్పలేదు. ఆయన మగమనిషి, వెనక వరుసలో జనం. సిగ్గుపడి "గ్యాసండీ" అన్నాం. ఎంత సుఖమైన మాటో అది! మంటా గ్యాసే, ఉబ్బరమూ గ్యాసే, నడుం నొప్పీ గ్యాసే.

బిళ్ళలు ఇచ్చారు. తగ్గకపోతే సంత రోజున తెల్ల సిరప్ కొన్నాం. అలాంటి మందుల్లో మెగ్నీషియం ఉంటుందని, అది మంటను ఆర్పినా విరేచనాన్ని వదులు చేస్తుందని అప్పుడు మాకు తెలియదు. గెడ్డకు పరుగులు పెరిగాయి. కాఫీ పళ్ళు కోస్తూ మాటిమాటికీ పక్కకు వెళ్తే మేస్త్రీ ఊరుకోడు. అందుకని పిన్ని పొద్దుటి చోడి అంబలి మానేసింది. ఖాళీ కడుపున టీ, అడ్డపొగ. రాత్రి ఆకలి మీద ఒక్కసారే కడుపు నిండా అన్నం, వెంటనే పడక. పొగాకు అన్నవాహిక కింది మూతను వదులు చేస్తుంది. నిండు కడుపుతో పడుకుంటే ఆమ్లం పైకెక్కుతుంది. ఒళ్ళునొప్పుల బిళ్ళలు కడుపు పొరకు ఇంకా చెరుపు. పేగు బాధను దాచడానికి చేసిన పని గుండెమంటను పెంచింది. మనిషి చిక్కిపోతుంటే చిల్లంగి అన్నవాళ్ళూ ఉన్నారు.

చివరికి ఒక నర్సమ్మ పిన్నిని పక్కకు తీసుకెళ్ళి, "దొడ్డికి ఎలా అవుతోంది?" అని అడిగింది. ఆ రోజు అంతా చెప్పాం. రక్తం, మలం పరీక్షించారు, గొట్టం వేసి చూశారు. పరీక్షల్లో ఏమీ లేదన్నారు. "నీకేమీ లేదట" అని పిన్నికి చెప్పాం. ఆమె మా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ రెండు మాటలూ ఒకటి కావు. ఐబీఎస్‌లో పేగుకు పుండు ఉండదు, పేగుకూ మెదడుకూ మధ్య నడిచే సంకేతాలు గాడి తప్పుతాయి, నొప్పి మాత్రం నిజం. ఆమ్లం పైకి తన్నడం, ఐబీఎస్ ఒకే మనిషిలో కలిసి రావడం మామూలేనని డాక్టరమ్మ చెప్పింది. ఒమెప్రజోల్ తిండికి అరగంట ముందు వేయాలని కూడా. మేము ఇన్నాళ్ళూ తిన్నాక వేయించాం.

మలంలో రక్తం, తారులా నల్లటి మలం, మింగుడుపడకపోవడం, ఊరికే చిక్కిపోవడం ఉంటే అది గ్యాసని కూర్చోకూడదు. మాస్టార్లూ, బడిలో ఐరన్ బిళ్ళలు మింగే పిల్లలకూ నల్లగానే వస్తుంది, ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి.

పిన్ని ఇప్పుడు పొద్దున్నే కొంచెం అంబలి తాగుతోంది. అడ్డపొగ తగ్గించిందట, మాకు పెద్ద నమ్మకం లేదు. కాఫీ కాలంలో మెలి ఇంకా వస్తూనే ఉంది. మొన్న ఆసుపత్రికి బయలుదేరే ముందు పొయ్యి దగ్గర కూర్చుని ఆమె చెప్పినదంతా నోటుబుక్కులో రాసుకున్నాం. పేజీన్నర వచ్చింది.