కత్తెర ఏ వైపున పడాలి?

మందుల దుకాణంలో అన్నిటికన్న జాగ్రత్తగా వాడవలసిన పనిముట్టు ఏదని అడిగితే నేను కత్తెర అంటాను. పది మాత్రల స్ట్రిప్పు మీద బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ సాధారణంగా ఒక్క అంచుననే అచ్చయి ఉంటాయి. నాలుగు మాత్రలు చాలన్న మనిషికి కత్తెర ఏ వైపున వేయాలి? ఎదుటి అంచునుంచి కత్తిరించాలన్నది ఈ వృత్తిలో తొలినాడే నేర్చుకునే పాఠం. అప్పుడు తేదీలున్న అంచు ఆఖరి మాత్ర అమ్ముడయ్యేదాకా దుకాణంలోనే నిలుస్తుంది. కొన్నవానికి దక్కేది మాత్రం ఊరూ పేరూ లేని రేకు ముక్క. కత్తెర కాస్త పక్కకు జారి మాత్ర చుట్టూ ఉన్న రేకు తెగిందా, వానాకాలపు తేమకు ఆ మాత్ర కూడా చెడుతుంది.

బస్తరులో ఈ ముక్క చాలా దూరం ప్రయాణం చేస్తుంది. జగదల్‌పూర్‌లోని నా దుకాణానికి సంతనాడు వచ్చేవారిలో హల్బీ, గోండీ మాట్లాడేవారే అధికం. శబరి ఒడ్డునున్న కోంటా వైపునుంచి, తెలుగు కలిసిన మాటతో దోర్లాలు ఎప్పుడో గాని రారు. స్ట్రిప్పుమీది ఇంగ్లీషు వీరిలో చాలామందికి అక్కరకు రాదు.

కొన్నేళ్ళ క్రితం అటువంటి వృద్ధుడొకడు మనుమరాలిని పెద్దాసుపత్రిలో చేర్చి నావద్దకు వచ్చాడు. “బాబూ, ఇదేం మందో చెప్పు. డాకటరు అడుగుతున్నాడు” అన్నాడు. జ్వరానికని సంతలో ఎవరో అమ్మిన మాత్రలు మింగిన ఆ పిల్లకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచాయట. గుడ్డమూట విప్పి చూపిన రేకు ముక్కలో రెండు తెల్లని మాత్రలు, వాటి వెనుక మూడే అక్షరాలు ఉన్నాయి. ఆ మూడక్షరాలతో ముగిసే పేర్లు నా అరలలోనే అయిదారున్నాయి. వాటిలో ఒకటి సల్ఫా మందు, మరొకటి నొప్పులకు వాడేది. ఊహించి చెప్పే విషయం కాదది.

“తాతా, దీని పేరు ఈ ముక్కలో లేదు. తెలియలేదనే డాక్టరుగారికి చెప్పు” అని, ఆ మాటే చీటీమీద వ్రాసి ఇచ్చాను.

“మందులమ్మేవాడివి, నీకూ తెలవదా?” అన్నాడు వృద్ధుడు.

పిల్ల కోలుకున్నది. కాని ఆమెకు పడని మందు ఏదో ఆసుపత్రి కాగితంమీద వ్రాయడానికి పేరు దొరకలేదు. మళ్ళీ జ్వరం వస్తే అదే మాత్రను మరొకరు ఆమె చేతిలో పెట్టవచ్చు.

బ్యాచి సంఖ్యకు మరొక ప్రయోజనమూ ఉన్నది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో ఒక దగ్గుమందు త్రాగి ఇరవైమందికి పైగా పసివాళ్ళు మరణించారు. 0.1 శాతం మించరాని డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రవ్యం ఆ మందులో 48.6 శాతం ఉన్నట్టు పరీక్షలో తేలింది. 1937లో అమెరికాలో నూరుమందికి పైగా బలిగొన్నదీ ఈ ద్రవ్యమే. ఇటువంటి హెచ్చరిక వచ్చినప్పుడు అందరూ వెతికేది బ్యాచి సంఖ్యనే. అరలోని సీసాలను గంటలో తీసివేయవచ్చు. అమ్ముడైపోయినవాటిని ఏ గూడెంనుంచి తేవాలి?

2014 మార్చినుంచి అమలులోకి వచ్చిన హెచ్-1 జాబితాలోని మందులకైతే వైద్యుని వివరాలు, రోగి వివరాలు, ఇచ్చిన మందు, దాని పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో ఎక్కించి మూడేళ్ళు భద్రపరచాలి. తోటి వ్యాపారులు కొందరు ఇది వట్టి చాకిరీ అంటారు. చాకిరీయే, కాదనను. 2023 ఆగస్టునుంచి మూడువందల ప్రసిద్ధ మందులపై క్యూఆర్ కోడు కూడా వచ్చింది. మంచిదే, కాని కత్తిరించిన ముక్కమీద అది ఉండదు గదా!

మలేరియా మందు విషయంలో మాత్రం ఎవరో ఈ కష్టాన్ని ముందుగానే ఆలోచించారు. 2013 నాటి జాతీయ మార్గదర్శకాలలో ఫాల్సిపారం జ్వరానికిచ్చే ఆర్టిసునేట్ మిశ్రమానికి వయసునుబట్టి రంగులు నిర్ణయించారు. ఏడాదిలోపు పసివారికి గులాబి, నాలుగేళ్ళవరకు పసుపు, ఎనిమిదేళ్ళవరకు ఆకుపచ్చ, పద్నాలుగేళ్ళవరకు ఎరుపు, ఆ పైవారికి తెలుపు. మూడు రోజుల మందూ ఒకే ప్యాకెట్టులో ఉంటుంది. చదువు రాకున్నా ఫరవాలేదు, కత్తెరతో పనేలేదు.

నా దుకాణంలో ఇప్పుడు విడిగా ఇచ్చే ప్రతి ముక్కనూ చిన్న కాగితపు కవరులో పెడుతున్నాము. దానిమీద మందు పేరు, బ్యాచి సంఖ్య, గడువు తేదీ వ్రాస్తాము. వాటి క్రింద ఉదయానికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు, ఒక్కొక్క మాత్రకు ఒక్కొక్క చుక్క. ఇదంతా అయ్యేసరికి సంతనాడు వరుస రోడ్డుదాకా పెరుగుతుంది. కవరు అందుకున్నవాళ్ళు ఆ బొమ్మలను వేలితో చూపుతూ వెనుకనున్నవారికి తమ భాషలో వివరిస్తుంటారు.