ఆక్స్‌ఫర్డ్ నుంచి ఆల్డర్‌షాట్‌కు: ఒక సైనిక వ్యాయామశాల పుట్టుక

ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలపు సైనిక వ్యాయామశాలలను చూడబోయే యాత్రికుడు నేరుగా ఆల్డర్‌షాట్ దండు ప్రాంతానికి పోకుండా, ముందుగా ఆక్స్‌ఫర్డ్‌లో దిగి, ఆల్ఫ్రెడ్ స్ట్రీట్, బేర్ లేన్ కలిసే మూల దాకా నడవడం మేలు. స్కాట్లండులో పుట్టి, పారిస్‌లో కత్తిసాము నేర్చిన ఆర్చిబాల్డ్ మాక్లారెన్ 1858లో తన వ్యాయామశాలను తెరిచింది ఆ మూలనే. విలియం విల్కిన్‌సన్ అనే వాస్తుశిల్పి రూపొందించిన ఆ భవనంలో సాధన చేసినవారు ప్రధానంగా విశ్వవిద్యాలయ విద్యార్థులే అయినా, బ్రిటిష్ సైన్యపు వ్యాయామ చరిత్రకు మొదటి పుట అక్కడే పడింది.

క్రిమియా యుద్ధంలో తూటాలకన్న రోగాలే ఎక్కువమంది సైనికులను పొట్టన పెట్టుకున్నాయి. 1857లో సిడ్నీ హెర్బర్ట్ అధ్యక్షతన ఏర్పడిన రాజ సంఘం అంతకన్న కలవరపెట్టే సంగతిని బయటపెట్టింది: శాంతికాలంలో, స్వదేశంలో, బారకాసులలో ఉంటున్న సిపాయిలు అదే వయసు పౌరులకన్న ఇంచుమించు రెట్టింపు సంఖ్యలో మరణిస్తున్నారు. ఇరుకు గదులు, కదలని గాలి ఇందుకు ముఖ్య కారణాలని గుర్తించి, పడుకునే గదిలో ఒక్కొక్కరికి 600 ఘనపుటడుగుల చోటు ఉండాలని ఆ సంఘం సూచించింది. సైనికుడి దేహాన్ని కాపాడడం రాజ్యం బాధ్యత అన్న భావన ఈ విచారణతోనే బలపడింది; వ్యాయామశాలను యుద్ధ సన్నాహంగా మాత్రమే చూసేవారు ఈ మూలాన్ని విస్మరిస్తున్నారనే చెప్పాలి. 1860లో మేజర్ ఫ్రెడరిక్ హామర్‌స్లీ, ఆయన వెంట పన్నెండుమంది నాన్-కమిషన్డ్ అధికారులు, అనగా సిపాయి హోదా నుంచి పైకి వచ్చిన హవల్దారు తరగతివారు, మాక్లారెన్ వద్ద శిక్షణ పొందారు. మాక్లారెన్ వారి బరువును, ఛాతీ, చేతుల కొలతలను శిక్షణకు ముందూ తరువాతా నమోదు చేయడం వల్ల వ్యాయామ ఫలితం అంకెలలో కనిపించింది. సైనిక వ్యాయామ సిబ్బంది అనే విభాగానికి ఆ పన్నెండుగురే బీజం.

ఆక్స్‌ఫర్డ్ నుంచి రెడింగ్ మీదుగా నార్త్ క్యాంప్ స్టేషనుకు రైలు మార్గం ఉన్నది. 1854లో బీడునేల మీద వెలసిన ఆల్డర్‌షాట్ శిబిరాన్ని బేసింగ్‌స్టోక్ కాలువ ఉత్తర, దక్షిణ భాగాలుగా విడదీస్తుంది. సైన్యపు తొలి కొత్త వ్యాయామశాలను ఇక్కడి వెల్లింగ్టన్ లైన్స్‌లో కట్టారు. నేటి యాత్రికుడిని ఎక్కువసేపు నిలబెట్టేది మాత్రం క్వీన్స్ అవెన్యూ దగ్గర 1894లో ఎర్ర ఇటుకతో నిర్మించిన ఫాక్స్ వ్యాయామశాల.

ఈ తరహా భవనాల నిర్మాణ తర్కం తెలిస్తే వాటి సాదాతనం లోపంగా తోచదు. పరుగుకూ దుముకుకూ అడ్డు రాకుండా హాలు మధ్య స్తంభం ఉండరాదు. కనుక కప్పు భారమంతా దూలకట్ల మీదుగా, అంటే త్రికోణాకారంగా బిగించిన చట్రాల మీదుగా, పక్క గోడలకు చేరాలి. ఎగబాకే తాళ్ళను వేలాడదీయడానికి కప్పు ఎత్తుగా ఉండాలి; నిచ్చెనలు, కడ్డీలు ఆనించడానికి గోడల దిగువ భాగం ఖాళీగా ఉండాలి; అందువల్ల కిటికీలు పైకి జరుగుతాయి. శ్రమించేవారి ఊపిరికి చాలినంత గాలి ఆడాలన్న నియమం హెర్బర్ట్ సంఘం ఆందోళనకు కొనసాగింపే.

భవనానికి పేరిచ్చిన కల్నల్ జార్జ్ మాల్కమ్ ఫాక్స్ వ్యాయామశాలల పర్యవేక్షకుడు, కత్తిసాములో ప్రవీణుడు. ఆయన ప్రోద్బలంతో ఇటలీకి చెందిన మాసియెల్లో పద్ధతిపై ఆధారపడిన ఖడ్గ శిక్షణ 1895లో పదాతిదళానికి వచ్చింది. దానిని ఆల్ఫ్రెడ్ హట్టన్ వంటి నిపుణులు తీవ్రంగా విమర్శించారు. ఇవేగాక, భారతదేశపు మల్లుల సాధనను చూసి బ్రిటిష్ అధికారులు స్వీకరించిన కరేలాలు ‘ఇండియన్ క్లబ్స్’ పేరిట బ్రిటన్ వ్యాయామంలో స్థిరపడ్డాయి. ఆ రుణాన్ని వ్యాయామ చరిత్రకారులు మరింత స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో స్వీడన్‌కు చెందిన లింగ్ పద్ధతి, అనగా పరికరాలకన్న క్రమబద్ధమైన అంగచలనాలకు ప్రాధాన్యమిచ్చే విధానం, సైన్యంలో ప్రవేశించి మాక్లారెన్ కడ్డీలను వెనక్కు నెట్టింది; స్తంభాలు లేని విశాలమైన నేల మాత్రం ఆ కొత్త పద్ధతికీ అంతే చక్కగా సరిపోయింది.