నెల్లిమర్లనుండి బంటుపల్లి వరకు

విజయనగరము దాటిన పిమ్మట హౌరా మార్గమున వచ్చు తొలి స్టేషను నెల్లిమర్ల. బండి దిగి ఊరిలోనికి నడచినచో జనపనార మిల్లు, ఊరి వెలుపల తాటిచెట్లు, అవతల చంపావతి యిసుకతిన్నెలు కానవచ్చును. మిల్లు బ్రిటిషువారి కాలమునాటిది. ఈ ప్రాంతపు మెట్టభూములలో పండిన గోగునార పూర్వము భీమునిపట్టణపు రేవున ఓడలకెక్కెడిది. అందుచే లోకపు వర్తకములో దానికి బిమిలిపటం జూటు అను పేరు స్థిరపడినది. ఒక సరకు ఏ నేలనుండి వచ్చినదో దాని పేరే చెప్పుచుండుట ఆ సరకు భాగ్యమనవలెను. మిల్లు మాత్రము పలుమారులు మూతపడి పలుమారులు తెరువబడినది. 1994 జనవరిలో రైల్వేస్టేషనువద్ద పోలీసులు జరిపిన కాల్పులలో కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. ఈ యూరివారితో కొంతసేపు కూర్చున్నచో ఆ ప్రస్తావన రాక మానదు.

మా పిన్నిగారిల్లు ఆ యూరిలోనే కలదు. మాఘమాసమున రామతీర్థము చూడవలెనను తలంపుతో నేనచటికి పోయితిని. బెంగుళూరిలో కంప్యూటరు కొలువు చేయుచున్న పిన్ని కుమారుడును సెలవుమీద వచ్చియుండెను. ఈ వ్యాసమునకు విషయమిచ్చినవాడతడే. విషయము బీరు. స్త్రీల పత్రికలో మద్యముమాట యేమని ముక్కుమీద వ్రేలు వేసికొను సోదరీమణులు కొందరుందురు. ఇంటికి రావలసిన జీతములో నెంత దుకాణమునకు పోవుచున్నదో లెక్క చూచుకొను భారము మనమీదనే పడినప్పుడు, ఆ దుకాణమునకు వెనుక నెవరున్నారో తెలిసికొనుట తప్పుగాదని నా యభిప్రాయము.

మా తమ్ముడు త్రాగుబోతు కాడు. కాని బెంగుళూరిలో చిన్న చిన్న కార్ఖానాలు కాచు బీరుల రుచులను, సంగీతప్రియులు రాగములను చర్చించునట్లు చర్చించు బృందమొకటి కలదట. అందులో నితడొకడు. చిన్న కార్ఖానాలు పెద్ద కంపెనీలలో కలిసిపోవుట వీరికి తీరని దుఃఖము. పిన్ని కూర తరుగుచుండగా అతడు నాకు చికాగో నగరపు గాథ చెప్పెను. అచట గూస్ ఐలండ్ అను చిన్న కార్ఖానా 1988లో వెలసినది. ఊరివారు దానిని తమ సొత్తువలె ప్రేమించిరి. 2011లో దానిని బడ్‌వైజరు కంపెనీవారు కొనిరి. అభిమానులు మండిపడిరి. పిదప కొన్ని రకముల తయారీ చికాగోనుండి పెద్ద కంపెనీవారి కార్ఖానాలకు తరలిపోయినది.

“పేరు అదే, చీటీ అదే అక్కా, కాచే ఊరు మాత్రం మారిపోయింది. తాగేవాడికి ఎవరూ చెప్పలేదు” అని అతడు వాపోయెను.

“ఒరే, పప్పు రుచి మారితే చెప్పవు గాని, దీని రుచి మారితే ఏడుస్తావేటిరా?” అని పిన్ని కత్తిపీటమీదినుండి లేవకయే యనెను.

ఇంగ్లండులో ఈ యేడుపు ఒక యుద్యమముగా మారినది. యుద్ధానంతరమచట ఊరూరనున్న బీరు కార్ఖానాలను పెద్ద సంస్థలు వరుసగా కొని మూసివేయగా, దేశమున నాఱు కంపెనీల పెత్తనము సాగినది. పీపాలో సహజముగా పక్వమగు పాతరకపు బీరునకు బదులు గ్యాసు నింపిన బీరును వారు అంతటను ఒకే తీరున పోయసాగిరి. 1971లో నలుగురు యువకులు సెలవులకు ఐర్లండు వెళ్ళి, ఆ విహారములో ఈ యన్యాయమునుగూర్చి మాటాడుకొని ఒక సంఘము పెట్టిరి. కామ్రా యని దాని పేరు. త్రాగువారి సంఘమేమి చేయగలదని నవ్విన కంపెనీలే కొలదికాలమునకు పాతరకపు బీరును మరల అమ్మవలసివచ్చినది.

ఇంతకును బీరనగా నేమో చెప్పినచో మనకు కొత్తగా తోచదు. యవలను నానబెట్టి, మొలక రాగానే ఎండబెట్టి, విసరి, వేడినీటిలో నుంచినచో ఆ నీరు తియ్యబడును. బిడ్డలకు మొలకరాగుల మాల్టు చేసిన తల్లికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఆ తియ్యని నీటిని హాప్సు అను ఒక తీగపూవుతో కలిపి కాచినచో చేదు పట్టును. చల్లార్చి మధుశిలీంధ్రమును కలిపి పులియబెట్టుటయే తరువాయి పని. ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పొంగుట ఎట్టిదో ఇదియు నట్టిదే. కావుననే కాబోలు, పూర్వకాలమున అనేక దేశములలో ఇది ఆడువారి పనిగా నుండెను. సుమేరియనులు బీరునకు నింకాసి యను దేవతను గొలిచిరి. ఇంగ్లండులో బీరు కార్ఖానాలు లేచుటకు ముందు గృహిణులే ఇంట కాచి, మిగిలినది గుమ్మమున నమ్ముకొనెడివారు. మనకు ఉత్తరమున నున్న కోరాపుట్టు కొండలలో బియ్యపుపిండికి రాగిమొలకల పిండి చేర్చి పులియబెట్టు లందాను నేటికిని స్త్రీలు చేయుదురు. ఈ మాట విని పిన్ని, “అయితే మన చోడి అంబలికి అది పెద్దక్క అన్నమాట!” అని నవ్వెను.

మరునాడు రామతీర్థము పోయితిమి. కోనేరు, సీతారామస్వామి కోవెల, వెనుక నల్లని రాతికొండలు. గురుభక్తులకొండమీద బౌద్ధుల విహార శిథిలములును, బోధికొండ గుహలో జైనుల విగ్రహములును గలవు. మూడు మతములు ఒకే చోట నొకదాని ప్రక్క నొకటి నిలిచిన స్థలములు మనదేశమున విరివిగా లేవు. ఎక్కి చూచుటకు ఓపిక గల సోదరీమణులు ఉదయమే పోవలెను. ఎండ కాచినపిదప ఆ రాతిమీద కాలు నిలువదు. దర్శనమైన పిమ్మట తమ్ముడు కారును ఇంటివైపు త్రిప్పక రణస్థలము రోడ్డు పట్టించెను. “అక్కా, నీకు ఇంకో కోవెల చూపిస్తాను” అనెను. అది బంటుపల్లివద్దనున్న యునైటెడ్ బ్రూవరీసువారి కార్ఖానా. లోనికి పోనియ్యరు, పోవలెనని నాకును లేదు. గోడ వెలుపలినుండి పెద్ద పెద్ద లోహపు తొట్లు కనబడినవి. లారీలు బారులు తీరియుండెను. ఉడికిన ధాన్యపు వాసన గాలిలో తేలివచ్చెను. వాసన చెడ్డది కాదు, కుడితి కాచు ఇంటి వాసనవలె నున్నది.

ఈ కంపెనీయే ఒక కలయికవలన పుట్టినది. 1915లో థామస్ లీష్‌మన్ అను స్కాట్లండు దేశస్థుడు దక్షిణ హిందూదేశమునందలి అయిదు బీరు కార్ఖానాలను ఏకము చేసి దీనిని స్థాపించెను. వానిలో కేజిల్ బ్రూవరీ 1857 నాటిది. ఆంగ్లసైనికులకు పీపాలతో బీరు పంపుట వీరి తొలి వ్యాపారము. 1947లో విఠల్ మాల్యా డైరెక్టరయి, పిమ్మట ఒకదాని వెనుక నొకటిగా కార్ఖానాలు కొనుచు పోయెను. ఇన్నింటిని మ్రింగినదానిని వేరొకటి మ్రింగక విడుచునా? 2021లో దీనిలో అధికభాగము హాలెండు దేశపు హైనికెనువారి వశమైనది. రెండవవైపున హేవార్డ్సు, నాకౌటు, రాయల్ ఛాలెంజి అను పేర్లన్నియు ఒకప్పుడు వేర్వేరు యజమానులవి. అవి శాబ్‌మిల్లరు చేతిలో పడి, 2016లో ఆ శాబ్‌మిల్లరుతో సహా బడ్‌వైజరువారి సంస్థలో కలిసినవి. దుకాణపు బీరువాలో పది పేర్లు కనబడవచ్చును. యజమానులను లెక్కించుటకు ఒక చేతివ్రేళ్ళు చాలును. ఇట్టి బలమెంతటిదో 2025 జనవరిలో తెలంగాణములో తెలిసినది. ధర పెంచలేదనియు, బాకీలు తీర్చలేదనియు యునైటెడ్ బ్రూవరీసు సరఫరా నిలిపివేసినది. ఆ రాష్ట్రమున అమ్ముడగు బీరులో సగమునకు మించినది వారిదే. ప్రభుత్వమే వారితో మాటలాడుకొనవలసివచ్చెను.

మన ఆంధ్రములో 2019 అక్టోబరునుండి దుకాణములను ప్రభుత్వమే నడిపినది. అలవాటైన పేర్లు చాలవరకు మాయమై, ఎవరును వినని పేర్లు వచ్చినవి. అయిదేండ్లు పురుషులు గొణగుకొనిరి. 2024 అక్టోబరులో దుకాణములు మరల ప్రయివేటువారి చేతికి పోయి, పాతపేర్లు తిరిగి వచ్చినప్పుడు కొన్నిచోట్ల పండుగవలె నుండెనట. మా తమ్ముడీ సంగతిని ఉత్సాహముతో చెప్పెను. నేను మాత్రము ఆ యయిదేండ్లలోను ఇండ్లలో ఏ లెక్క మారినదని యడిగితిని. అతడు జవాబు చెప్పలేదు. నాకు తోచినదేమనగా, రుచి పోయినదని ఏడ్చువాని దుఃఖము నిజమైనదే. ఊరి చేతిపని ఊరినుండి పోవుట ఎవరికైనను నష్టమే. కాని ఆ నష్టములో వారు చూడని భాగమొకటి కలదు. చేయువాడు ఎదుటనున్నంతవరకు వానిని నిలదీయువారును ఉందురు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రాత్రిబడిలో చదువుకొన్న పాఠమునుండి ధైర్యము తెచ్చుకొని సారా దుకాణము మూయించిరి. ఆ దుకాణము వారి యూరిలోనే, వారి కన్నుల యెదుటనే యుండెను. ఆ నిప్పు జిల్లాలు దాటినది. 1993 అక్టోబరున రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో దానిని సడలించిరనుకొనుడు. అయినను పల్లెటూరి ఆడువారు రాజధానిని కదల్చిన మాట వాస్తవము. ఇక బంటుపల్లి గోడకు ముందు అంతమంది స్త్రీలు నిలిచినను లారీవాడు దారి యిమ్మని యడుగునే గాని, సమాధానము చెప్పగలవాడు ఆ గోడకు లోపల లేడు.

ఇంటికి చేరునప్పటికి పొద్దు వాలినది. పిన్నియింటి వీధిలో ఖాళీసీసాలు ఏరి అమ్ముకొను ముసలమ్మ యొకతె గోనెసంచి దించుకొని అరుగుమీద కూర్చుండెను. ఆమె భర్త మిల్లులో పనిచేసి పోయెనట. మేమెచటికి పోయి వచ్చితిమో పిన్ని చెప్పగా ఆమె చాలసేపు నవ్వినది.

“మా ఆయన ముందర కల్లే తాగీవోడమ్మా. ఆ కల్లు గీసీవోడు మా పక్కీధే. జీతం రోజున మా ఆయనకి ఎక్కువ పోసినాడంటే, తెల్లారీసరికి ఆడి గుమ్మం కాడుండీదాన్ని. ఆడి పెళ్ళానికి సెప్పీదాన్ని. అది ఆణ్ణి తిట్టీది. తరవాత ఈ సీసాలొచ్చినాయి. ఈటికి గుమ్మవేదమ్మా?”

తమ్ముడు సంచిలోనుండి ఒక సీసా తీసి, చీటీ త్రిప్పి చదివెను. కాచిన స్థలము రణస్థలము, కంపెనీ బెంగుళూరు, ఫిర్యాదులు వ్రాయుటకు చిరునామా కూడ నున్నదని ఆమెకు చెప్పెను.

ఆమె ఆ సీసాను తిరిగి తీసికొని, మూతిలో మట్టి యున్నదేమో చూచి, సంచిలో నుంచినది. “రాస్తే తెలుగులో జవాబిస్తారా బాబూ?” అని యడిగి, సంచి నెత్తి కెత్తుకొనెను.