కుక్కల శిక్షకుని వద్దకు వెళ్ళే ముందు

కుక్కలు వేల సంవత్సరాలుగా మనుజులతో సహజీవనం చేస్తున్నాయి. అయినా కుక్క, పసిపిల్లలు ఒకే ఇంట ఉన్నపుడు పెద్దలు జాగ్రత్త వహించాలి.

పోలవరంలో మా ఇంట నాలుగేళ్ళ కుక్క ఉంది. ఉదయం నాతో గోదావరి గట్టుకు వచ్చి, నీటిలో మునగనిదే ఇంటికి రాదు. ఈ మధ్య మా అయిదేళ్ళ మనుమడు తల నిమరబోతే అది గుర్రుమంది. అన్నం గిన్నె దగ్గరకు వాడు వెళ్తే మరింత గట్టిగా గుర్రుమంది. కుక్కను ఎవరికైనా ఇచ్చివేయాలని నా శ్రీమతి పట్టుబట్టింది. కాలిఫోర్నియాలో ఉన్న మా అమ్మాయి, “నాన్నా, వేసవిలో ఎలాగూ వస్తున్నారుగా! సీజర్ మిలాన్ శిక్షణ కేంద్రం చూసి, నేర్చుకొని వెళ్ళండి” అంది.

2004లో మొదలయిన ‘డాగ్ విస్పరర్’ అనే టెలివిజన్ కార్యక్రమంతో మిలాన్ ప్రసిద్ధుడయ్యాడు. ఆయన కేంద్రం లాస్ ఏంజలస్‌కు ఉత్తరాన శాంటా క్లారిటాలో ఉంది. కుక్కకు ముందు వ్యాయామం, పిదప క్రమశిక్షణ, ఆపై ఆప్యాయత అందించాలనీ, యజమాని గుంపుకు నాయకునిలా మెలగాలనీ ఆయన బోధ. వ్యాయామం విషయంలో నాకు సందేహం లేదు. నాయకత్వం సంగతి వేరు.

తోడేళ్ళ గుంపులో ఆధిపత్యం కొరకు పోరు సాగుతుందనే భావనకు 1947లో రుడాల్ఫ్ షెంకెల్, బంధించిన తోడేళ్ళను గమనించి వ్రాసిన పరిశోధన మూలం. అడవిలో స్వేచ్ఛగా తిరిగే గుంపు సాధారణంగా తల్లి, తండ్రి, పిల్లలతో కూడిన కుటుంబమేనని డేవిడ్ మెచ్ 1999లో వివరించారు. కుక్కలను లొంగదీసే పద్ధతుల వలన భయము, దౌర్జన్యము పెరుగవచ్చని అమెరికాలోని జంతు ప్రవర్తన పశువైద్యుల సంఘం 2008లో హెచ్చరించింది.

గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. దండించి ఆ హెచ్చరికను మాన్పిస్తే, కుక్క ఒకనాడు చప్పుడు చేయకుండానే కరవవచ్చు. కారణం వెతకకుండా జ్వరాన్ని మాత్రం అణచివేయడం వంటిది అది.

అందువలన మేము ముందు పశువైద్యుని కలిశాము. కుక్క చెవికాలువలో తాపం ఉంది. తరచు నీట మునిగే కుక్కలలో ఇది అరుదు కాదు. చెవిలో చుక్కల మందు వాడాక, తల నిమిరితే గుర్రుమనడం మానింది. గిన్నె దగ్గర మాత్రం మానలేదు. ఇప్పుడు అది తింటున్నపుడు నేను దూరం నుంచే ఒక గుడ్డు ముక్క వేసి వెనుకకు వస్తున్నాను. మనిషి వస్తే తిండి పోదు, పెరుగుతుందని అది నేర్చుకోవాలి. గంట మ్రోతకు లాలాజలం ఊరడం నేర్చిన పావ్లోవ్ కుక్కల సూత్రమే ఇది. మనుమడిని మాత్రం గిన్నె దరికి పోనివ్వడం లేదు. మీరు కూడా పిల్లలతో ఇటువంటి ప్రయోగాలు చేయించకండి.

కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిముషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయకూడదు. వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళి జలభీతికి టీకాలు మొదలుపెట్టాలి. చర్మం చీలి రక్తం వస్తే గాయంలోకి ఇమ్యునోగ్లాబ్యులిన్ కూడా అవసరం. పెంపుడు కుక్కే కదా అని ఉపేక్షించకూడదు. జలభీతి లక్షణాలు పొడచూపాక మరణం దాదాపు తప్పదు.

ఏ శిక్షకుని వద్దకు వెళ్ళినా మూడు విషయాలు అడగండి. కుక్క చెప్పినట్లు చేస్తే ఏమిస్తారు? చేయకపోతే ఏం చేస్తారు? ముందుగా పశువైద్య పరీక్ష కోరుతారా? రెండవ ప్రశ్నకు సమాధానం గొలుసు లాగడమో, విద్యుత్ పట్టీయో అయితే మరొకరిని వెతకండి.

వేసవిలో శాంటా క్లారిటా వెళ్ళే వీలు దొరికితే నేనూ ఈ ప్రశ్నలతోనే వెళ్తాను. కుక్క మా ఇంటనే ఉంటుంది. అది తినే వేళకు వంటింటి తలుపు మూసి ఉంచాలని నా శ్రీమతి విధించిన షరతుకు మేమందరం కట్టుబడి ఉన్నాము.